పులి వేషం కట్టించిన అత్త

మా మేనత్త పోయిందని మొన్న మధ్యాహ్నం నేను పనిచేసే గోపాలపూర్ రేవు ఆఫీసుకి కబురొచ్చింది. నేను బరంపురం చేరేసరికి దహనం కూడా అయిపోయింది. చిన్నతనంలోనే భర్త పోతే ఆమె అత్తవారి ఊరు చికిటి నుంచి పుట్టింటికి తిరిగొచ్చి, మా వంటింట్లోనే ముసలిదైపోయింది.

మా నాన్న బడిపంతులు. ఆయనకి పిల్లలంటే మార్కులే. అన్నయ్య మద్రాసు కాలేజీలో చేరాక భోజనాల దగ్గర మాటలన్నీ వాడి గురించే. పక్కనున్న నన్ను చూసేవారు కారు. నేను ఫోర్తు ఫారం తప్పిన ఏడు ఠాకురాణి అమ్మవారి యాత్ర వచ్చింది. అమ్మవారు గుడి విడిచి, నేతగాళ్ల వీధిలో తన పుట్టింటికి వచ్చి ఉండే రోజులవి. నేను పాసైతే పులి వేషం కట్టిస్తానని నాన్న మొక్కుకున్నారు. తప్పాను కనక మొక్కూ లేదు, వేషమూ లేదన్నారు. నాలాంటివాడికి అమ్మవారు మాత్రం మొహం చూపిస్తుందా అనుకున్నాను.

మర్నాడు పొద్దున్నే అత్త నన్ను పెరట్లో నిలబెట్టి, ఒంటికి పసుపు పూసి, మసితో చారలు గీయడం మొదలుపెట్టింది. నాన్న తన అక్క మీద మండిపడ్డారు.

“తప్పినోడికి ఏషమేటప్పా?”

“అమ్మోరు పుట్టింటికొచ్చింది. నువ్వేటి పాసై వొచ్చావమ్మా అని ఆవిణ్ని ఎవులైనా అడిగేరా?” అంది చెయ్యి ఆపకుండా. నాతో, “కదలకురా, సార వంకరపోతాది” అంది.

నాన్న విసురుగా లోపలికి వెళ్లిపోయారు. ఆ రోజు వీధి వీధీ గెంతాను. నేనూ ఒక మనిషినే అని మొదటిసారి నాకు తోచింది ఆ పులి వేషంలోనే. తరవాత పాసయ్యాను, ఉద్యోగం వచ్చింది, నాన్న పలకరించడం మొదలుపెట్టారు. ఆ పలకరింపు ఈనాటికీ నాకు ఒంటబట్టలేదు. అత్త మాత్రం ఉద్యోగం వచ్చిందని చెబితే, “ఒల్లు సిక్కిపోనావురా” అంది, అంతే.

పుట్టింటికి రావడానికి పాసవక్కర్లేదని అంత మాటన్న మనిషి తన విషయంలో దాన్ని నమ్మలేదు. అదే నన్ను తినేస్తోంది. అందరికంటే ముందు లేచేది, అందరూ తిన్నాక తినేది. మంచాన పడ్డాక గంజి కూడా వద్దనేది.

“పనికిమాలినదాన్ని. నాకెందుకురా తిండి?” అంది కిందటి ఆదివారం.

“నువ్వేటీ సెయ్యక్కర్లేదత్తా. ఉంటే సాలు” అన్నాను.

“సర్లే” అని, నన్ను సముదాయిస్తున్నట్టు నవ్వి కళ్లు మూసుకుంది.

నిద్ర పట్టిందనుకున్నాను. చూస్తే దుప్పటి మీద ఆమె వేళ్లు కదులుతున్నాయి. దూది లేకుండానే, దేవుడి గదికి వత్తులు చేస్తోంది.