మా ఆవిడ చదువుకు నేను వేసిన ఎస్టిమేటు

మొన్న మా అమ్మాయి ఫోనులో ఒక పట్టిక పంపింది. ఇక్కడే దోహాలో ఉద్యోగం చేసుకుంటూ సాయంత్రాలు కమ్యూనిటీ కాలేజీలో చేరాలనుకుంటోంది. రెండేళ్ళకు మొత్తం ఎంతవుతుందో లెక్కవేసి, ఏమైనా మర్చిపోయానేమో చూడు నాన్నా అని కింద రాసింది. ముప్పయ్యేళ్ళు భవనాలకు ఎస్టిమేట్లు వేసినవాణ్ణి కనుక నన్ను అడగడం సబబే. కానీ దాన్ని చూస్తుంటే వాళ్ళమ్మ చదువుకు ఒకప్పుడు నేను వేసిన ఎస్టిమేటు జ్ఞాపకం వచ్చింది.

అప్పుడు మేం దోహా శివారు ఉమ్ సలాల్‌లో ఒక విల్లా వెనుక వాటాలో రెండు గదుల్లో ఉండేవాళ్ళం. పెళ్ళితో డిగ్రీ మొదటి ఏడాదిలోనే ఆగిపోయిన మా ఆవిడకు, కమ్యూనిటీ కాలేజీలో సాయంత్రం క్లాసులున్నాయనీ, మాలాంటి విదేశీయులనూ ఫీజు కట్టించుకుని చేర్చుకుంటారనీ తెలిసిన రోజు నుంచి నిద్ర సరిగా లేదు. ఫీజు కట్టడానికి గడువు గురువారం. ఈసారి తప్పితే నలభై దగ్గరపడుతుందనీ, ఇక తనకే ధైర్యం చాలదనీ ఆవిడ భయం.

నేనేమో ఊళ్ళో ఉన్నప్పుడే ముహూర్తాలనూ జాతకాలనూ బల్లగుద్ది ప్రశ్నించినవాణ్ణి. దోహాలో మన తెలుగువాళ్ళు శుక్రవారాలు కలిసినప్పుడు స్త్రీ విద్య మీద మైకు అందుకుంటే వదిలేవాణ్ణి కాదు. కనుక చదివించాలా వద్దా అన్న ప్రశ్న మా ఇంట్లో లేదు. ఎంతవుతుందన్నదే ప్రశ్న, దానికి నా దగ్గర పద్ధతి ఉంది. ఒక్క ఫీజు చూసి దూకేవాళ్ళంటే నాకు చిన్నచూపు, పునాది ఖర్చు చూసి మేడ కట్టబోయినట్టు అనేవాణ్ణి. అందుకని పుస్తకాలు, కాలిక్యులేటరు, పాత సర్టిఫికెట్ల మీద ముద్రలు వేయించడానికి ఊళ్ళో మా తమ్ముడు తిరిగే ఖర్చు, ఫోటోకాపీలు, చివరికి క్యాంటీను టీ కూడా రాశాను. రానూపోనూ కారు కిరాయి ఎంతో అడుగుదామని పక్క వాటాలో ఉండే నిజామాబాదు డ్రైవరు భాయిని పిలిస్తే, ఆయన కాగితం చూసి నవ్వాడు.

“గింత చదువుకున్నోళ్ళు చాయ్ పైసలు గూడ రాస్తరా సార్? పొద్దూకంగ నేను దోహా దిక్కే పోత. భాబీని దించుత, మళ్ళ తోల్కొస్త. ఫులూస్ మాఫీ. యల్లా, గది కొట్టెయ్!”

డబ్బేం వద్దని ఆయన గల్ఫు అరబ్బీ. కారు కిరాయి వరస కొట్టేశాను. అయినా మొత్తం మా శక్తికి మించింది. వచ్చే ఏడు చూద్దామని, అంకెలు చూపించి, చాలా శాంతంగా చెప్పాను.

ఆవిడ ఏడవలేదు. కాగితాన్ని కత్తిపీట పక్కన పెట్టుకుని పైనుంచి కింద దాకా చదివి, ఒక వరస దగ్గర ఆగింది. వారానికి నాలుగు సాయంత్రాలు వంటకూ పిల్లను చూసుకోవడానికీ పనిమనిషి, రెండేళ్ళకు. ఫీజు తరువాత అంత పెద్ద అంకె అదే.

“ఇదేమిటండీ?”

మనం చేయని పనిని ఇంకొకరికి అప్పగించి, వాళ్ళ రేటు కలపకపోతే ఎస్టిమేటు పూర్తి కాదని, మా కంపెనీలో పద్ధతి అదేనని వివరించాను.

“ఇది మనం చేయని పనా, మీరు చేయని పనా?” అంది. “శుక్రవారం గంటసేపు ఊదరగొట్టారుగా, ఆ మైకు వైరు వంటింటి దాకా రాదేం?”

వాదనలో ఓడిన అనుభవం నాకు తక్కువ. ఊరందరి నమ్మకాలనూ నిలదీసిన నేను, ఇంటికి రాగానే కంచం ముందుకొస్తుందన్న నా నమ్మకాన్ని ఒక్కసారీ ప్రశ్నించలేదు. నేను నోరు తెరిచేలోగా ఆవిడే పిల్ల పెన్సిలు తీసుకుని ఆ వరస కొట్టేసింది. మొత్తం అందుబాటులోకి వచ్చింది. బుధవారం వెళ్ళి ఫీజు కట్టాం.

నా మొదటి పప్పు చూసి, అయిదో తరగతి చదివే మా అమ్మాయి “నాన్నా, ఇది పప్పా, మీ సైటు సిమెంటా?” అంది. నెల తిరిగేసరికి పప్పు దారికొచ్చింది, సాంబారు మాత్రం రాలేదు. టెండర్ల రోజుల్లో రాత్రి దాకా కూర్చున్నవాళ్ళకే మా ఆఫీసులో పైమెట్టు, నేనేమో అయిదు కొట్టగానే లేచిపోయేవాణ్ణి. నాకు రావలసిన సీనియర్ కుర్చీ నాకన్నా చిన్నవాడికి వెళ్ళింది. ఆ ఖర్చు నా ఎస్టిమేటులో లేదు. బాధపడలేదని రాస్తే అబద్ధం. ఏడాదిపాటు ఆ కుర్చీ వైపు చూడకుండా నడిచాను. కానీ మా అమ్మాయికి ఏ కూర ఇష్టమో, ఏ లెక్క రాదో, బస్సులో ఎవరితో పోట్లాడి వచ్చిందో నాకు తెలిసింది ఆ రెండేళ్ళలోనే. మా ఆవిడ చదువు పూర్తిచేసి ఒక బడి ఆఫీసులో ఉద్యోగానికి చేరింది, ఇవాళ్టికీ నాకన్నా ముందే ఇంట్లోంచి బయల్దేరుతుంది.

అమ్మాయి పట్టిక మళ్ళీ చూశాను. ఫీజు, పుస్తకాలు, కారు, తన ఏడాది పిల్లవాణ్ణి చూసుకునే ఆయా, వంటకు బదులు ఫోనులో తెప్పించుకునే భోజనాలు, అన్నీ ఉన్నాయి. కూడికలో తప్పు లేదు, వాళ్ళిద్దరి జీతాల మీద అది పెద్ద భారమూ కాదు. చదువుకోవడానికి ఒక ఇల్లాలు మొగుడితో వాదించి గెలవవలసిన అవసరం తప్పిందంటే మంచిదే, దాని కోసమే కదా మేం గొంతులు చించుకున్నాం. అయినా ఆ పట్టికలో అల్లుడి పేరు ఎక్కడా కనబడలేదు.

ఏమీ మర్చిపోలేదమ్మా అని రాసి పంపాను. ఆ తరువాత చాలాసేపు, కొడుకు చేత సిమెంటనిపించుకునే సాయంత్రాలు మా అల్లుడికి ఎవరిస్తారా అని ఆలోచిస్తూ కూర్చున్నాను.