డాలరత్తా, నడిచే మైనపు బొమ్మలూ

మా మేనత్తకి కదిలేదంటే పడదు. వస్తువైనా, అంకె అయినా పెట్టినచోట పెట్టినట్టు ఉండాలి. ఇంట్లో ఉప్పు డబ్బా అరకి అంటించేసి ఉంటుంది. టీవీ రిమోటుకి తాడు. మావయ్య కుర్చీ కాళ్ళ చుట్టూ సుద్దగీతలు. "కుర్చీయే కదలకూడదు, మీరు కదలొచ్చు," అనేది. మావయ్య ఆ వెసులుబాటు ఎన్నడూ వాడుకోలేదనుకోండి, అది వేరే సంగతి.

అలాంటి మనిషి చేతికి కంప్యూటరు దొరికింది. ఎక్సెల్ షీట్లో ఫార్ములా రాసి కిందికి లాగితే, అందులోని గడి కూడా ఒక్కో మెట్టు కిందికి జారుతుంది. జారకుండా పట్టి ఉంచాలంటే గడి పేరులో అక్షరం ముందొకటి, అంకె ముందొకటి డాలరు గుర్తు పెట్టాలి. ఈ సంగతి తెలిసిన రోజున అత్త సంబరం చూడాలి! తప్పిపోయిన తోబుట్టువు కనబడ్డట్టే. అప్పట్నుంచి లోకంలో ఏది చెప్పినా ఒకటే ప్రశ్న: "డాలరు పెట్టావా?"

నాకు సంబంధం కుదిరిందని చెబితే, "తేదీకి డాలరు పెట్టారా? పెళ్ళి జరగాలి గానీ తేదీ జరక్కూడదు," అంది. ఆఫీసంతా ఆవిణ్ణి డాలరత్త అనేది అందుకే.

ఆఫీసంటే మామూలు ఆఫీసు కాదు. మైనపు బొమ్మల ప్రదర్శనశాల. అత్త అక్కడ సూపర్నెంటు, నేను ఆవిడ కింద గుమాస్తాని. మా గదికి వెళ్ళాలంటే పొడుగాటి హాలు దాటాలి. అటూ ఇటూ బొమ్మలు. మొగుడికి విషం పెట్టిన రాణి, చేతిలో తాడుతో తలారి, చెయ్యీ చెయ్యీ పట్టుకున్న కవలపిల్లలు. నడుస్తుంటే వెనకాల ఎవరో మెడ తిప్పినట్టుండేది. తిరిగి చూస్తే అన్నీ బుద్ధిగా ముందుకే చూస్తుండేవి. ఆ బుద్ధే నాకు భయం.

ఎక్కువ వేడి తగిలితే బొమ్మలు కరుగుతాయి కదా, ఏ గది వేడి హద్దు దాటిందో షీటే చెప్పాలి. హద్దు ఒకే గడిలో ఉంటుంది. ఓసారి నేను డాలరు పెట్టకుండా ఫార్ములా కిందికి లాగాను. మొదటి గది లెక్క హద్దునే చూసుకుంది. మిగతావన్నీ కిందున్న ఖాళీ గడుల్ని చూశాయి. ఖాళీ అంటే కంప్యూటరుకి సున్నా. దాంతో షీట్లో ఆ గదులన్నీ ఎర్రబడ్డాయి. ఏసీ మెకానిక్ కంగారుపడి మరలన్నీ ఆఖరిదాకా తిప్పేశాడు.

హాలంతా శవాల గదిలా గడ్డకట్టింది. జనం నోళ్ళలోంచి ఆవిర్లు. ఏళ్ళ తరబడి అక్కడ కథలు చెబుతున్న గైడు బాబాయి మాత్రం తొణకలేదు. "రాణిగారు మేలుకున్నారు. ఆవిడ ఊపిరి ఇంతే చల్లగా ఉంటుంది," అన్నాడు. ఇద్దరు బయటికి పరుగు తీశారు.

అత్త తాపీగా నా వెనక నిలబడి అడిగింది: "డాలరు?"

"మర్చిపోయానత్తా."

"రాణిగారి ఊపిరి ఆపు, నాయనా."

కొన్నాళ్ళకి కొత్త మేనేజరు వచ్చాడు. "ఎప్పుడూ ఇవే బొమ్మలు, ఇవే చోట్లా? జనానికి విసుగెత్తదూ?" అని ఆ మధ్యాహ్నమే అన్నీ మార్పించేశాడు. కవలలున్న చోట తలారి వచ్చి నిలబడ్డాడు.

గైడు బాబాయి జనంతో వచ్చాడు. అలవాటుగా చెయ్యి చాచి తలారి బుగ్గ నిమురుతూ, "ఈ పసిదాని బుగ్గలు చూడండి, వెన్నముద్దలు!" అన్నాడు. జనం పగలబడి నవ్వారు. మేనేజరు కూడా, "భలే హాస్యం!" అన్నాడు. బాబాయి చెయ్యి మాత్రం తలారి గడ్డం దగ్గర ఆగిపోయింది. మొహం పాలిపోయింది. అత్త నవ్వకుండా ఆయన్నే చూస్తూ ఉండిపోయింది.

మర్నాడు పొద్దున తలుపులు తీస్తే తలారి పాతచోటే ఉన్నాడు. కవలలు కవలల చోట ఉన్నారు. రాణి తన పాతచోట నిలబడి ముందుకే చూస్తోంది, మునుపటిలాగే.

"ఎవరు జరిపారు?" అని అరిచాడు మేనేజరు. సాయంత్రం మూసేవేళ మళ్ళీ మార్పించాడు. తెల్లారేసరికి మళ్ళీ ఎవరి చోట్లో వాళ్ళు. ఇలా వారం నడిచింది. ఊడ్చే ఆవిడ ఒంటరిగా హాల్లోకి వెళ్ళడం మానేసింది. ఏసీ మెకానిక్ అయితే తలారికి నమస్కారం పెట్టి మరీ లోపలికి వెళ్ళేవాడు. నేనూ పెట్టాను. మన సొమ్మేం పోయింది?

చివరికి మేనేజరు నన్ను పిలిచి, "రేపు పెందలాడే వచ్చి చూద్దాం. నాకేం భయం లేదు. నువ్వు తోడుంటే చాలు," అన్నాడు.

కిటికీల బయట తెల్లటి పొగమంచు. ఇద్దరం రాణి వెనక తెరచాటున దాక్కున్నాం. చాలాసేపు చడీ చప్పుడూ లేదు. అప్పుడు హాలు చివర్న ఏదో కీచుమంది. మసక వెలుతుర్లో తలారి కదిలాడు. ఒరుగుతూ, ఆగుతూ, మా వైపే వస్తున్నాడు.

"నీ చేతులేంటయ్యా ఇంత చల్లగా ఉన్నాయి?" అన్నాడు మేనేజరు గొణుగుతూ.

"నా చేతులు నా జేబుల్లో ఉన్నాయి సార్."

ఆయన కిందికి చూశాడు. పట్టుకున్నది రాణిగారి చెయ్యి. ఆయన పెట్టిన కేకకి తెర ఊడి మా ఇద్దరి మీదా పడింది.

"ఎవరది?" అంది తలారి వెనక నుంచి డాలరత్త. చీర కొంగు నడుముకి దోపి, మెడలో కొలతల టేపు వేసుకుని ఉంది. ఏ బొమ్మ గడప నుంచి ఎంత దూరమో ఆవిడ దగ్గర షీటు ఉందని అందరికీ తెలుసు, నేనే టైపు చేశాను. అందులో గడపకి డాలరు పెట్టమని నన్ను మూడుసార్లు అడిగింది కూడా.

మేనేజరు లేచి తెర దులుపుకున్నాడు. "మీరా! ఎందుకు చేస్తున్నారిదంతా?"

అత్త తలారి కాళ్ళ దగ్గర టేపు పరిచింది.

"చెప్పకపోతే ఉద్యోగం ఉండదు."

"తీసెయ్యండి. బొమ్మల్ని మాత్రం వాటి చోట ఉంచండి."

అత్త ఎదురు మాట్లాడ్డం నేనెరగను. అంతలో గుమ్మంలో అడుగుల చప్పుడైంది. గైడు బాబాయి వచ్చాడు. ఒక్కో బొమ్మ భుజం తడుముకుంటూ నడిచి వస్తున్నాడు. "తలారి వచ్చేశాడామ్మా?" అంటూ చాచిన చెయ్యి మేనేజరు భుజమ్మీద పడింది. ఆయన బిగుసుకుపోయాడు.

"ఇదెవరు, కొత్త బొమ్మా?" బాబాయి చెయ్యి మొహం మీదికి పాకింది. "మీసాలు బాగా కుదిరాయి. కానీ వణుకుతోందేంటమ్మా?"

బాబాయి కళ్ళు మేనేజరుకి ఎదురుగానే ఉన్నాయి. రెండు కళ్ళల్లోనూ తెల్లటి పొర.

అత్త మెల్లగా చెప్పింది. ఏడాదిగా బాబాయికి చూపు మసకేస్తోందట. ఆపరేషనుకి ఆస్పత్రివాళ్ళు వచ్చే నెల రమ్మన్నారట. ఈలోగా సంగతి బయటపడితే ఇంటికి పంపేస్తారని ఆయన భయం. ఆయన తలారి బుగ్గ నిమిరిన రోజే ఆవిడ కనిపెట్టేసింది. "బొమ్మలు వాటి చోట ఉంటే చాలండి. కథలన్నీ ఆయనకి నోటికొచ్చు," అంది.

మేనేజరు గొంతు సవరించుకున్నాడు. "బాబాయ్, నేను బొమ్మని కాదు. మేనేజర్ని."

బాబాయి చటుక్కున చెయ్యి తీసేశాడు. మేనేజరు ఆ చేతిని పట్టుకుని మళ్ళీ తన భుజమ్మీదే పెట్టుకున్నాడు. అత్త వైపు తిరిగి, "రాణిని కూడా ఓసారి కొలవండమ్మా. ఇందాక చెయ్యి పట్టుకు లాగేశాను, జరిగుంటుంది," అన్నాడు. టేపు రెండో కొస ఆయనే పట్టుకున్నాడు.

ఆపరేషను అయ్యాక బాబాయి నల్లకళ్ళద్దాలతో వచ్చాడు. వెంట డాలరత్త. ఒక్కో బొమ్మ దగ్గరా ఆగి తేరిపార చూశాడు. కిటికీ పక్కనున్న సేనాపతి దగ్గరికి వచ్చేసరికి నొసలు ముడిచాడు.

"ఈయన మూతి ఓ పక్కకి జారిందేంటమ్మా? పొద్దుటెండ సూటిగా పడుతోందిక్కడ. జరపాలి."

అత్త గతుక్కుమంది. "జరపాలా?"

"జరపాలి."

పళ్ళ బిగువున సేనాపతిని ఓ జానెడు తోసింది. "చాలా?"

"ఇంకాస్త."

మరో జానెడు తోసింది.

"ఇంకాస్తమ్మా. ఆ స్తంభం నీడలోకి."

అత్త కొంగుతో మొహం తుడుచుకుని నా వైపు తిరిగింది. "ఈయనకి చూపు మరీ ఎక్కువగా తెప్పించినట్టున్నార్రా," అంది.