రెండో చుట్టు

గుడియాత్తం మగ్గాల వీధి నుంచి రోజూ బస్సెక్కి వేలూరు కాలేజీకి వెళ్ళే పార్థిబన్‌కు చేతులు ఊరుకోవు. కండక్టరుతో మాట్లాడుతూనే రెండు వేళ్ళు పడుగూ పేకల్లా అడ్డంగా పెట్టి గాలిలో గుడ్డ నేస్తాడు. కాలేజీలో ఫిజిక్సు పాఠం చెప్పేటప్పుడూ అంతే. "మైనస్ ఒకటికి వర్గమూలం, ఊహాసంఖ్య అని బెదరొద్దప్పా. అది ఊహ కాదు, జానెడు గుడ్డలో తిరుగుడు. పడుగును పేక మీదికి తిప్పితే ఒక తిరుగుడు, పేకను పడుగు మీదికి తిప్పితే దానికి ఎదురు తిరుగుడు," అంటాడు. ఊరూరా కంప్యూటరు కోర్సుల బోర్డులు లేస్తున్న ఆ ఏళ్ళలో, ఎలక్ట్రాను తిరుగుడును కళ్ళకు చూపిస్తానని పందెం కాసే మనిషి అతనొక్కడే.

ఆరేళ్ళు తాత్కాలికంగా పనిచేశాక పర్మనెంటు పోస్టుకు ఇంటర్వ్యూ వచ్చింది. పార్థిబన్ ఇంట్లో లాగే ప్రిన్సిపాల్ నాగలింగం ఇంట్లోనూ మాట్లాడేది తెలుగే. "ఎలక్ట్రాను ఒక చుట్టు తిరిగితే మొదటికి రాదంట, రెండు తిరిగితేనే వస్తాదంట. అట్లాంటిది యాడన్నా ఉండాదా నాయనా? లెక్క వద్దు, చూపించు," అన్నారు. పార్థిబన్ లేచి, తన ముందు పెట్టిన టీ కప్పును సాసరుతో సహా అరచేతిలో పెట్టుకుని చంక కిందుగా ఒక చుట్టు తిప్పాడు. చెయ్యి మెలిపడి మోచెయ్యి పైకి లేచింది. బల్ల చుట్టూ కూర్చున్న కమిటీవాళ్ళు నవ్వారు.

"చెయ్యి ఇరక్కపొయ్యింది గదప్పా. ఉద్యోగం గూడా ఇంతే," అన్నాడు వాళ్ళలో ఒక పెద్దమనిషి.

అతను తొణకకుండా అదే వైపు, తల మీదుగా ఇంకో చుట్టు తిప్పాడు. చెయ్యి తిన్నగా వచ్చింది, టీ చుక్క ఒలకలేదు. నాగలింగం తన సాసరు అందుకుని తనూ తిప్పారు. ఒక చుట్టుకే ఆయన మోచెయ్యి గాలిలో నిలిచిపోయింది, వెనక్కి తిప్పబోయారు. పార్థిబన్ బల్ల దాటి వెళ్ళి ఆ మోచెయ్యి పట్టుకున్నాడు.

"వెనక్కి పోవద్దు సార్. సగం దోవలో ఉండారు."