ఇల్లు వెంటబెట్టుకొచ్చిన చుట్టం

పెద్ద ఈరన్న పరాయి ఇంట్లో నిద్రపోడు. ఆయన గురించి ముందుగా తెలుసుకోవలసిన ముక్క ఇదొక్కటే. కోడుమూరు చుట్టుపక్కల ఆయనకు చుట్టం కానివాడు లేడు, ఇంటికి రమ్మని ఆయన్ను బతిమాలనివాడూ లేడు. పిలిస్తే వస్తాడు. అరుగు మీద కూచుని అందరినీ నవ్విస్తాడు. పిల్లల్ని ఎత్తుకుంటాడు. పందిరికి గుంజలు పాతమంటే పాతుతాడు. పొద్దు వాలిందంటే మాత్రం కండువా దులిపి భుజాన వేసుకుంటాడు. ఇక కాళ్లు పట్టుకున్నా ఆగడు.

ఆయన భార్య రామేశ్వరమ్మకు ఈ సంగతి పెళ్లప్పుడే తెలిసింది. ఆ అదురు నుంచి పాపం ఇంతవరకూ పూర్తిగా తేరుకోలేదు. పెళ్లయిన మర్నాడు పొద్దున్నే చూస్తే అత్తారింట్లో పెళ్లికొడుకు లేడు. రామేశ్వరమ్మ తల్లి గుండెలు బాదుకుంది. తండ్రి బావిలోకి తొంగిచూసి వచ్చాడు. తీరా చూస్తే కొత్త పెళ్లికొడుకు వీధిలో తాము వచ్చిన ఎద్దులబండి కింద గోనెపట్టా పరుచుకుని గుర్రు పెడుతున్నాడు.

"ఏమప్పా అల్లుడా, లోపల మంచం ఏసినాము కదా! ఈడ పండుకున్న్యావేంది?" అని మామ అడిగాడు.

"ఇది మా బండి మామా. మా బండి కింద అంటే మా ఇల్లే కదా," అన్నాడు ఈరన్న ఆవలిస్తూ.

రాజంపేటలో దూరపు చుట్టాల పెళ్లికి పోయినప్పుడు బండి లేదు. ఇప్పుడేం చేస్తాడో చూద్దామని రామేశ్వరమ్మ లోలోపల సంతోషపడింది. ఆయన నేరుగా రైల్వే స్టేషనుకు పోయి ప్లాట్‌ఫారం మీద పడుకున్నాడు. పెళ్లివారికి తల కొట్టేసినట్టయింది.

"మా ఇంటికన్నా టేసను బాగుండాదా అప్పా నీకు?"

"టేసను సర్కారుది. సర్కారంటే మనందరిదీ. నా దాంట్లో నేను పండుకున్న్యా. తప్పేముండాది?"

తిండి సంగతీ అంతే. ఎక్కడికి పోయినా జొన్నరొట్టెలు, చెనిక్కాయల పొడి మూటగట్టుకుని పోతాడు. చుట్టం వచ్చాడని వరన్నం వండి, కోడిని కోసి పెడితే, సంతోషించాల్సిన మనిషి మొహం మాడ్చుకుంటాడు. "గుడ్లు పెట్టే కోడిని ఏంటికి కోస్తివప్పా?" అని పదిమందిలో అడిగేస్తాడు. ఏ ఇంటివాడికి మండదు? ఈరన్నకు పొగరని, ఆయనకు ఎవరి ఇల్లూ ఆనదని ఊరూరా చెప్పుకునేవారు. రామేశ్వరమ్మ పైకి ఒప్పుకునేది కాదు గానీ, ఆమెకూ అది పొగరే అనిపించేది.

ఆ పొగరు చివరికి గిడ్డమ్మ దాకా వచ్చింది. గిడ్డమ్మ ఈరన్నకు ఒక్కగానొక్క చెల్లెలు. రామేశ్వరమ్మ కాపురానికి వచ్చేనాటికి ఆ పిల్ల గౌన్లేసుకుని తిరిగేది. తల దువ్వి, జడ వేసి, పెళ్లి చేసి పంపినదంతా ఈ వదినే. ఆ గిడ్డమ్మ నల్లదొడ్డి నుంచి గాజులమ్మే ఆమె చేత కబురు పంపింది.

"వదినా, నా కొడుక్కు పుట్టెంట్రుకలు తీపిస్తాండాము. పిల్లోన్ని మేనమామ తొడమీద కూచోబెట్టాల. అన్న ముందునాడే రావాల, నా ఇంట్లో నిద్ర చెయ్యాల. చెయ్యకుంటే నాకు అన్న లేడనుకుంటా. నా కొడుకును ఇంకెవరి తొడమీదన్నా కూచోబెడ్తా."

రామేశ్వరమ్మ గాజులామె చేత ఆ మాట రెండుసార్లు చెప్పించుకుంది. మేనమామ బతికుండగా ఇంకొకరి తొడా! ఆ మాట అన్న తర్వాత ఇక రెండిళ్ల మధ్యా రాకపోకలుంటాయా? పెంచిన పిల్ల ఇంటికి తను మళ్లీ ఏ మొహం పెట్టుకుని పోతుంది?

"విన్న్యావా? ఈసారి నీ చేష్టలు సాగవు," అంది మొగుడితో.

"సరే, పోదాం," అన్నాడు ఈరన్న.

అంత సులువుగా ఒప్పుకునేసరికే ఆమెకు అనుమానం రావలసింది. రాలేదు. సంతోషంతో బూరెలకు పిండి కలుపుకుంటూ కూచుంది. ఆయన సైకిలెక్కి రైలుకట్ట వైపు పోయాడు.

రైలుకట్ట వెంబడి కంచెగా కిత్తలి ఉంటుంది. అది పూసి ఎండిపోయాక నిలబడే కంబం మనిషికి రెండింతల ఎత్తుంటుంది గానీ ఒంటిచేత్తో లేపొచ్చు. లోపలంతా బెండు. ఈరన్న అలాంటివి మోపులు మోపులుగా తెచ్చి వాకిట్లో పడేశాడు. కొన్నింటిని కట్టి చట్రం చేశాడు. కొన్నింటిని నిలువునా చీల్చి, ఆ బెండు పలకల్ని గోడలకు దట్టించాడు. కింద రెండు పాత సైకిలు చక్రాలు బిగించాడు. రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదు పోయిన మరుసటేడు అది. అంతకుముందు కర్నూల్లో ఆఫీసులు నడిచిన డేరాల గుడ్డ సంతల్లోకి వచ్చి పడింది. అది తెచ్చి పైనంతా కప్పి కుట్టాడు. ఆ గుడ్డ మీద మూరెడేసి అక్షరాలతో "సర్కారు వారిది" అని నల్లటి రంగుతో రాసి ఉంది. గాలికీ వానకూ బిగువుగా ఉండాలని, గొర్రెలకాపరులు కంబళ్లకు పెట్టే చింతగింజల గంజి కాచి, గుడ్డకు లోపలా బయటా చిక్కగా పూశాడు. ఎండకు అది బిర్రుగా ఆరి, వేలితో కొడితే తప్పెట మోగినట్టు మోగింది.

రామేశ్వరమ్మ బూరెల గిన్నెతో వాకిట్లోకి వచ్చి నిర్ఘాంతపోయింది.

"ఏందయ్యా ఇది?"

"ఇల్లు."

"మనకు ఇల్లు ఉండాది కదయ్యా!"

"అది కదలదు కదా," అంటూ ఆయన ఆ ఇంటిని ఒక పక్క చేత్తో లేపి చూపించాడు. "చూడు, దూది మాదిరి ఉండాది. సైకిలుకు కట్టుకుంటే చాలు. గిడ్డమ్మ గడప ముందర నిలబెడ్తా. మన ఇంట్లో మనం పండుకుంటాం. చెల్లెలికాడికి పోయినట్టూ ఉంటాది."

ఆమె గిన్నె అక్కడే పెట్టి నెత్తిన చేతులు పెట్టుకుంది. అరిచింది, ఏడ్చింది, నేను రానంది. రాకపోతే గిడ్డమ్మ ముందు ఈయన ఒక్కడే నిలబడి ఇంకేం కొంప ముంచుతాడోనని భయపడి, చివరికి ఆ ఇంట్లోకి ఎక్కి కూచుంది.

దారిలో మొదటి ఊరు రాగానే రచ్చకట్ట మీది జనం సర్కారు వారి అక్షరాలు చూశారు. బీడీలు పారేసి లేచి నిలబడ్డారు. ఒకాయన తలగుడ్డ తీసి చంకలో పెట్టుకుని సైకిలుకు అడ్డం వచ్చాడు.

"తాసిల్దారు దొర లోపల ఉండాడా అప్పా?"

ఏం గొడవో అని రామేశ్వరమ్మ తల బయటపెట్టింది. జనమంతా వంగి దండాలు పెట్టారు. ఆమె హడలిపోయి తల లోపలికి లాక్కుంది. ఇంతలో ఇద్దరు అన్నదమ్ములు ఒకరినొకరు తోసుకుంటూ ముందుకొచ్చారు. చేనిగట్టు మూరెడు జరిపినాడని ఒకడు, నేను కాదు వాడే జరిపినాడని ఇంకొకడు. తాను సర్కారు కాదని ఈరన్న చెప్పబోయాడు గానీ ఎవరు వినిపించుకుంటారు?

"గట్టు మీద ఏమన్నా చెట్టుండాదా?" అని అడిగాడు విసుగ్గా.

"రేగుచెట్టు ఉండాది సామీ. మా నాయన నాటినాడు."

"కాయలు ఎవరు తింటాండారు?"

"ఇద్దరి పిల్లోళ్లూ తింటాండారు."

"అయితే ఆ చెట్టే గట్టు. గడ్డపారతో మట్టిని జరిపింటారు గానీ చెట్టును జరపరు కదా. పోండి."

ఇద్దరూ నోళ్లు తెరిచారు. సర్కారు ఇంత బిరీన తేలుస్తుందని వాళ్లు కలలోనైనా అనుకోలేదు. దోసకాయలు తెచ్చిస్తే ఈరన్న అలవాటు కొద్దీ వద్దన్నాడు. ఆ ఊళ్లో జనం ఆశ్చర్యంతో కనుచూపు మేర దాకా ఆ బండిని చూస్తూనే నిలబడ్డారు.

పొద్దుగూకే వేళకు నల్లదొడ్డి చేరారు. గిడ్డమ్మ చేతిలో హారతిపళ్లెంతో గుమ్మంలోకి పరుగెత్తుకొచ్చి, సైకిలు వెనక ఉన్నది చూసి అలాగే బిగుసుకుపోయింది. ఆమె మొగుడు సోమన్న మొహం తిప్పుకుని లోపలికి పోయాడు. వీధి వీధంతా గుమిగూడింది.

"అన్నా! నా గడప ముందర నీ గుడిసె పెడ్తాండావా?" అంది గిడ్డమ్మ. "ఇంత అవమానం శత్రువు కూడా చెయ్యడు. వదినా, నువ్వన్నా చెప్పకూడదా?"

"చెప్పినా తల్లీ. ఏడ్చినా. ఎవురింటారు?"

"అయితే వినండి. రేపు నా కొడుకు నీ తొడమీద కూచోడు," అని గిడ్డమ్మ పళ్లెం అరుగు మీద పెట్టి లోపలికి పోయింది. ఈరన్న ఇంటి కింద రాళ్లు పెట్టి, చక్రాలు కదలకుండా చేసి, మూట విప్పి రొట్టె తిన్నాడు. రామేశ్వరమ్మ రేపటితో గిడ్డమ్మ తనకు ఏమీ కాకుండా పోతుందని కుమిలి కుమిలి కళ్లు మూసుకుంది.

తెల్లవారి కళ్లు తెరిస్తే ముందు ఆకాశం కనిపించింది. ఇంటికి పైకప్పు ఉండాలే అనుకుంది. తర్వాత గడ్డం ఉన్న మొహం ఒకటి కనిపించింది. అది మేక. నోట్లో డేరాగుడ్డ పీలిక పెట్టుకుని తీరిగ్గా నములుతోంది. రామేశ్వరమ్మ వేసిన కేకకు నల్లదొడ్డి మొత్తం లేచొచ్చింది.

ఏం చెప్పాలి! చింతగింజల గంజి రుచికి గిడ్డమ్మ వాళ్ల మేకలన్నీ ఇంటిని మేసేశాయి. సర్కారు వారిని ముందు మేశాయి, తర్వాత పక్కగోడలు, ఆపైన కప్పు. బెండు కూడా గీరుకు తిన్నాయి. మిగిలింది కంబాల చట్రం. దాని నడుమ పెద్ద ఈరన్న ఊరంతటి కళ్ల ముందు కాళ్లు చాపుకుని ఇంకా గుర్రు పెడుతూనే ఉన్నాడు.

నవ్వులకు ఆయన లేచాడు. కప్పు వైపు చూశాడు. కప్పు లేదు. మేకల వైపు చూశాడు. మళ్లీ కప్పు వైపు చూశాడు.

రామేశ్వరమ్మకు ఏడుపొచ్చింది, సిగ్గేసింది, ఎవరినైనా తిట్టాలనిపించింది. "మేకల్ని కట్టెయ్యకుండా ఏంటికి వదిలినారమ్మా?" అంది గిడ్డమ్మతో. గిడ్డమ్మ తల దించుకుంది. ఆమె అత్త సిద్దమ్మ మాత్రం బోసినోటితో ఉన్నదున్నట్టు చెప్పేసింది.

"కట్టేసే కొట్టంలో మేం పండుకుంటిమి కదమ్మా. మేం లోపల, మేకలు బయట."

"మీరు కొట్టంలో ఏంటికత్తా?"

"ఉండేది ఒక్క గది. మీ ఆయన మనసు మారి లోపలికొస్తాడేమోనని గిడ్డమ్మ మీకు మంచమేసి పెట్టె. చుట్టాలొచ్చినప్పుడంతా అంతే. నాకు కొట్టం అలవాటే. మేకలకే బయట అలవాటు కాల్యా."

"అత్తా, నువ్వు ఊరుకో!" అంది గిడ్డమ్మ.

రామేశ్వరమ్మ గుమ్మం దాటి లోపలికి చూసింది. నులకమంచం మీద ఉతికిన దుప్పటి మడత నలగకుండా ఉంది. పొరుగింటి నుంచి తెచ్చిన ఇత్తడి చెంబు తలదాపున ఉంది. అడిగి తెచ్చిన బియ్యం చాటలో ఉన్నాయి. మూల కాళ్లు కట్టేసిన కోడిపెట్ట పడుంది. ఇన్నేళ్లలో తను ఎన్ని ఇళ్లలో చుట్టంగా పడుకుందో, ఆ ఇళ్లవాళ్లు ఎక్కడ పడుకున్నారో ఒక్కసారీ అడగలేదు. మెల్లగా వంగి ముందు ఆ కోడి కాళ్లు విప్పింది. తర్వాత బయటికొచ్చి మొగుడి ముందు నిలబడింది.

"నీకు ఇది ముందే తెలుసా?"

ఈరన్న మెడ గోక్కున్నాడు. "మా ఇంట్లోనూ అంతే కదమ్మే. చుట్టాలొస్తే మాయమ్మ ఎద్దుల పక్కన పండుకునేది. నన్నూ గిడ్డమ్మనూ చెరో పక్కా ఏసుకొని. ముసురు పట్టినా అంతే. వచ్చినోళ్లు పొద్దున లేచి, శానా బాగా నిద్రపట్టిందని చెప్పి పోతాండ్రి."

"ఈ మాట నోరిప్పి చెప్పకూడదా? అందరూ పొగరంటాంటే పడుంటివే!"

"చెప్తే, మీ ఇల్లు చిన్నదని ఎత్తిచూపినట్టు కాదా? పొగరంటే మాట పడేది నేనొక్కన్నే."

వీధిలో నవ్వులు ఆగిపోయాయి. రామేశ్వరమ్మకు ఆయన మీద ఎంత ప్రేమ పొంగిందంటే, అంతమందిలో ఆయన బొజ్జ మీది గుడ్డపీలికను తనే తీసి పారేసింది. గిడ్డమ్మ కళ్లు తుడుచుకుంది గానీ పట్టు మాత్రం వదల్లేదు.

"నాకు ఎద్దుల పక్కన శానా బాగుండె అన్నా."

"నీకు బాగుండె. ఎద్దు తోక నా మొగం మీదుండె."

"అదంతా నాకు తెల్దు. నా ఇంట్లో నువ్వు నిద్ర చెయ్యాల. లేకుంటే పిల్లోన్ని కూచోబెట్టను."

ఈరన్న కొట్టం వైపు చూశాడు. "ఆ కొట్టం ఎవరిది?"

"మాదే."

"అంటే నీ ఇల్లే కదా?"

ఎవరూ ఆపేలోగా మేకల కొట్టంలోకి దూరి, గోడకు చేరగిలి కాళ్లు చాపాడు. రాత్రంతా మేకలు మేసిన గుడ్డ కింద పడుకున్న మనిషికి నిద్ర చాలలేదో ఏమో, కళ్లు మూసిన మరుక్షణం గుర్రు మొదలైంది. పెద్ద ఈరన్న పరాయి ఇంట్లో నిద్రపోయాడు! జనం ఊపిరి బిగబట్టి చూశారు. నిజంగా నిద్రేనా అని సోమన్న వంగి చెవి పెట్టి విని, తల ఊపాడు.

"పగటి నిద్ర లెక్కకొస్తాదా?" అని ఎవరో అన్నారు.

"నిద్ర నిద్రే," అని సిద్దమ్మ కసిరింది.

గిడ్డమ్మ ఇక క్షణం ఆగలేదు. లేస్తే మళ్లీ మనసు మారుతుందని భయం. పిల్లాణ్ణి తెచ్చి నిద్రపోయే మేనమామ తొడమీద కూచోబెట్టి, "లేపొద్దు, కానీయప్పా," అని మంగలాయనకు సైగ చేసింది. ఆయన కత్తి పట్టుకుని వెనకాడాడు. గుర్రు పెట్టే మేనమామ తొడమీద పుట్టెంట్రుకలు తీయడం తన వంశంలోనే లేదన్నాడు. అయినా తీశాడు. పిల్లాడు ఏడవలేదు. తొడ ఊగినప్పుడల్లా కేరింతలు కొట్టాడు.

ఈరన్న కళ్లు తెరిచి, ఒళ్లో నున్నటి గుండుతో ఉన్న పిల్లాణ్ణి చూసి ఉలిక్కిపడ్డాడు. "ఎవురు ఈ పిల్లోడు?"

పొద్దు వాలకముందే కండువా దులిపాడు. ఇంటి అస్థిపంజరాన్ని సైకిలుకు కట్టుకున్నాడు. గిడ్డమ్మ వీధి దాకా వచ్చింది.

"అన్నా, ఉగాదికి రా. వచ్చేటప్పుడు ఇల్లు తెచ్చుకో."

రామేశ్వరమ్మ తన చెవులను తనే నమ్మలేకపోయింది. ఈరన్న మొహం చేటంత అయింది.

"తెచ్చుకుంటాలే తల్లీ! నీకు కోపం లేదు కదా?"

"కోపమేంటికి? చింతగింజల గంజి మాత్రం పుయ్యొద్దు. మా అత్త నిన్నటి నుంచి నా ప్రాణం తీస్తాంది, ఒక్కరాత్రన్నా ఆ బండింట్లో పండుకోవాలంట. మేమూ పిల్లోడూ ఆమె పక్కన సర్దుకుంటాం. అందుకే కొంచెం పెద్దది కట్టు. మాకందరికీ నీ ఇంట్లో చోటు చూపిచ్చినాక, నువ్వూ వదినా మా మంచం మీద పండుకుందురు గానీ."

ఈరన్న నోరు తెరిచాడు. ఏదో అనబోయాడు. వెతికి వెతికి చూసినా అడ్డం చెప్పడానికి ఒక్క ముక్క దొరకలేదు. సైకిలు పట్టుకుని అలాగే నిలబడిపోయిన మొగుణ్ణి చూసి రామేశ్వరమ్మ, పెళ్లయిన ఇన్నేళ్లకు, కడుపు పట్టుకుని నవ్వింది.