ఒట్టు తీసి గట్టున పెట్టాక

పెంటపాడు పక్క ఒక పల్లెలో ఒట్టుకున్న విలువ ఆసుపత్రికి లేదు. నాగమల్లేశ్వరి కాపురం చెడింది అక్కడే.

ఆవిడ భర్త రాజకుమార్ వరికోత మిషన్ నడిపేవాడు. నడుం పట్టేస్తే ఎవరో నొప్పిమాత్రలు అలవాటు చేశారు. నొప్పి పోయింది, మాత్రలు పోలేదు. పెద్దలు కూర్చోబెట్టి, కూతురు శాలిని నెత్తిన చెయ్యి పెట్టించి ఒట్టు వేయించారు. వారం తిరక్కుండా మళ్ళీ మింగాడు. అప్పుడే పిల్లకి జ్వరం తగిలింది. ఇంకేం కావాలి? "ఒట్టు తప్పిన చెయ్యి. అది తగిలే పిల్ల మంచాన పడింది" అన్నారు. మల్లేశ్వరి కూడా అదే అంది, పిల్ల వినేలాగే అంది. రాజకుమార్ ఇల్లు వదిలి, గణపవరం దగ్గర చేపల చెరువుకి కాపలా పోయాడు.

బతకడానికి ఆవిడ తాడేపల్లిగూడెంలో ఒక ఫార్మసీ కాలేజీలో తెల్ల ఎలుకల బోన్లు కడిగే పనిలో చేరింది. ఒక ఎలుక మెడ నరంలోకి సన్నటి గొట్టం పెట్టారు. ఎలుక బోనులో ఉన్న మీట నొక్కితే మందు దాని ఒంట్లోకి పోతుంది. మేత వదిలేసి మీటే నొక్కుతోంది.

"బుద్ధిలేని ఎలకండీ ఇది. ఎదురుగా మేతుంటే చూడదే," అంది మల్లేశ్వరి.

"దాని బుద్ధి దాని చేతిలో లేదండి," అంది పరిశోధన చేసే సుష్మిత. "మెదడులో ఒక చోటుంది. తిండి తిన్నా, పిల్లల్ని దగ్గరకు తీసుకున్నా 'బాగుంది, మళ్ళీ చెయ్యి' అని చెప్పేది అదే. మందు ఆ చోటునే పట్టేస్తుంది. ఆ చోటు దెబ్బతిన్న ఎలుకలు మీట జోలికి అంతగా పోవు."

"మందు ఆపేస్తే మర్చిపోద్దాండీ?"

"మానినట్టే ఉంటుంది. మందుతో పాటు వెలిగే లైటు మళ్ళీ వేస్తే చాలు, మీట దగ్గరకి పరిగెడుతుంది."

మల్లేశ్వరి చేతిలో బ్రష్షు ఆగిపోయింది. "అయితే దీనిచేత ఒట్టేయించీ లాభం లేదన్నమాట."

సుష్మిత నవ్వింది. ఆవిడ నవ్వలేదు.

ఒట్టు వేయించడానికి ఊరి పెద్దలంతా వచ్చారు. ఏలూరులో డాక్టరుకి చూపించడానికి ఒక్కడూ రాలేదు. ఈ మాట రాస్తే ఊళ్ళో కోపాలొస్తాయి. రానివ్వండి.

ఆదివారం ఆవిడ శాలినిని తీసుకుని చెరువు దగ్గరకి వెళ్ళింది. వాళ్ళని చూసి రాజకుమార్ గట్టు మీద వెనక్కి వెనక్కి జరిగాడు.

"పిల్లని దగ్గరకి తేకు మల్లేశ్వరీ. పొద్దున కూడా మాత్ర వేసుకున్నాను."

"తెలుసండి. ఆ ఒట్టు తీసి ఈ గట్టునే పెట్టేస్తున్నాను. జ్వరం మీవల్ల రాలేదు. రేపు ఏలూరు వెళ్దాం రండి, డాక్టరుకి చూపిద్దాం."

అతను తలూపాడు. దగ్గరకొచ్చి, కూతురి తల నిమరబోయాడు.

శాలిని రెండు చేతులూ నెత్తిన కప్పుకుని తల్లి వెనక నక్కింది.

"చెయ్యి పెట్టకు నాన్నా. మళ్ళీ జ్వరమొస్తుంది."

అతను చెయ్యి వెనక్కి తీసుకుని, లుంగీకి తుడుచుకున్నాడు.