మా సారు, ఈరన్న కుడి భుజం

సారు పోయారని ఆదోని నుంచి ఫోను వచ్చినప్పుడు నేను ఎమ్మిగనూరులో ఓపీ చూస్తున్నాను. పొద్దున నమాజు చేసుకుని, చాయ్ తాగి, కుర్చీలో కూర్చున్నవారు కూర్చున్నట్టే పోయారట. ఏడుపు రావాల్సిన చోట నాకు ముందు భయమేసింది. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది గానీ, ఆ క్షణంలో నాకు గుర్తొచ్చింది సారు ముఖం కాదు. ఈరన్న కుడి భుజం.

మా సారు ఎముకల డాక్టరు. జారిన భుజాలు సరిచేయడంలో ఆయనది అందె వేసిన చెయ్యి. పత్తి మార్కెట్ ఉన్న ఊళ్లో అలాంటి భుజాలకేం కొదవ? ఆయన దగ్గర నేను ఆరేళ్లు పని నేర్చుకున్నాను. ఎక్స్‌రే కన్నా ముందు ఆయన మనిషి చొక్కా విప్పడం చూసేవారు. "చొక్కా ఇప్పప్పా" అని, తను బల్ల మీద ఏదో వెతుకుతున్నట్టు నటిస్తూ ఓరకంట గమనించేవారు. భుజం జారినవాడు మంచి చేతిని ముందు బయటికి లాగుతాడు. చెడ్డ చేతిని ఒంటికి అంటిపెట్టుకుని, చొక్కానే దాని మీద నుంచి జార్చేస్తాడు. "ఫిల్ములో కనబడకపోవచ్చు బేటా, భయం మాత్రం కనబడతాది" అనేవారు.

ఈరన్న అలాగే విప్పాడు. పెద్దకడుబూరు మనిషి, పత్తి మార్కెట్ యార్డులో హమాలీ. పత్తి బస్తా వీపు మీదికి ఎత్తుకునేటప్పుడు చెయ్యి వెనక్కి పోతే చాలు, భుజం గూడు తప్పేది. మొదటిసారి ఎవరో కట్టు కట్టేవాడు చంకలో కాలు పెట్టి లాగి ఎక్కించాడు. ఆ తర్వాత గోడకు ఆనుకుని తనే ఎక్కించుకోవడం నేర్చాడు. మా దగ్గరికి వచ్చేసరికి నిద్రలో ఒత్తిగిల్లినా జారుతోంది.

స్కానులో గూడు ముందరి అంచు చిరిగి, అక్కడి ఎముక కూడా అరిగి కనబడింది. దారులు రెండు. ఒకటి, చిన్న చిన్న బెజ్జాలు వేసి, కెమెరాతో చూస్తూ, చిరిగిన అంచును తిరిగి ఎముకకు కుట్టడం. గాయం చిన్నది, అపాయం తక్కువ. కానీ ఎముక అరిగినవాళ్లకు, చెయ్యెత్తి బరువులు మోసేవాళ్లకు మళ్లీ జారే భయం ఎక్కువ. రెండోది, ముందువైపు కోసి, పక్కనే కాకి ముక్కులా వంగి ఉండే చిన్న ఎముకను దాని కండరంతో సహా తెచ్చి, అరిగిన చోట స్క్రూలతో బిగించడం. అది గట్టిగా నిలుస్తుంది. కాకపోతే ఆ దారిలోనే చేతిని ఆడించే నరాలుంటాయి. వాటికి దెబ్బ తగిలితే భుజం నిలిచినా చెయ్యి పడిపోవచ్చు.

సారు చాయ్ సాసరు ఎత్తి చూపించారు. "అంచుకు కట్టిన గుడ్డ చినిగితే కుట్టొచ్చు. సాసరే పగిలింటే కుట్టి ఏం జేస్తావ్? ఈయప్పకు ఎముకే పెట్టాల."

ఈరన్న ఒప్పుకోలేదు. కారణం నన్ను పక్కకు పిలిచి చెప్పాడు. యార్డులో వాళ్లు చొక్కా లేకుండా పని చేస్తారు. సీజను మొదట్లో ముఠా మేస్త్రీ ఒక్కొక్కరి వీపూ భుజాలూ చూసి గాని పనిలో పెట్టుకోడు.

"పెద్ద కోత కనబడితే నన్ను యాడ పెట్టుకుంటాడు సార్? బెజ్జాలైతే ఏవో సెగ్గడ్డల మచ్చలంటా. ముఠాలో అది మా నాయన జాగా. పోతే మళ్లా రాదు."

"మళ్లా బస్తాలు మోస్తావా?" అని అడిగాను.

"మోయను సార్. తూకం కాడ నిలబడతా."

తూకం దగ్గర నిలబడేవాడికి భుజం మీద మచ్చ ఉంటే ఏమిటి? ఆ మాట నాకు తట్టలేదు. తట్టినా తట్టనట్టు ఉన్నానేమో. అప్పుడే కెమెరా ఆపరేషన్లు నేర్చుకుని వచ్చాను, చేతులు ఊరికే ఉండటం లేదు. సారుతో వాదించాను. ఆయన చివరిదాకా విని, "సరే చెయ్యి. పక్కన నేనుంటా" అన్నారు.

ఉన్నారు కూడా. నా చెయ్యి వణికితే ఆయన ఏమీ అనేవారు కాదు, మోచేతి కింద ఒక్క వేలు ఆనించేవారు. ఆ వేలు ఉంటే చెయ్యి దానంతటదే కుదురుకునేది. నాకు వచ్చిన పనంతా ఆ వేలు పెట్టిన భిక్ష.

కుట్లు చక్కగా పడ్డాయి. చేతులు కడుక్కుంటూ సారు నెమ్మదిగా అన్నారు. "బాగా చేసినావు. కానీ ఆ భుజం బస్తా కిందికి పోకుండా ఉండదు. రెండేండ్లు ఏం కాదు. మూడో ఏడు సూసుకో." తువ్వాలు తగిలించి మళ్లీ అన్నారు. "ఆయప్ప వచ్చిన దినం నన్ను పిలువు. ఆ నరాల కాడికి ఒక్కడివే పోవద్దు."

నాలుగు తిట్టి ఉంటే బాగుండేది. నేను ఎమ్మిగనూరు వచ్చేశాక కూడా, యార్డులోకి పత్తి రావడం మొదలైతే ఆయన ఫోను చేసేవారు. "ఈరన్న వచ్చినాడా?" "రాలేదు సార్." "సరే" అని పెట్టేసేవారు. క్షేమసమాచారాలేమీ ఉండేవి కావు. మొన్న మూడో ఏడు సీజనుకూ చేశారు. అదే ప్రశ్న, అదే జవాబు. ఎముక పెట్టే ఆపరేషన్ ఆయన పక్కన లేకుండా నేను ఇంతవరకూ ఒక్కటీ చేయలేదు.

మధ్యాహ్నం నమాజు అయ్యాక సారును పడుకోబెట్టిన జనాజా బయల్దేరింది. ఆదోని బజారంతా వెనకే నడిచింది. నాలుగడుగులు భుజమిచ్చి ఒకరు తప్పుకుంటే ఇంకొకరు దూరుతున్నారు, జనాజా మాత్రం ఆగడం లేదు. నేనూ ఇచ్చి పక్కకు జరిగేసరికి, యార్డు నుంచి వచ్చిన మనుషుల్లో ఈరన్న కనబడ్డాడు.

"తూకం దగ్గరేనా ఈరన్నా?" అన్నాను.

అతను నా కళ్లలోకి చూడలేదు. "సీజను కదా సార్" అన్నాడు.

ఎడం వైపు ఒక జాగా ఖాళీ అయింది. అక్కడ దూరినవాడు కుడి భుజమే ఇవ్వాలి. "అటు పక్కకు పో, ఎడం భుజమియ్యి" అంటూనే ఉన్నాను, "సారుకు ఇంతైనా చెయ్యొద్దా?" అని దూరిపోయాడు. జనాజా కర్రను భుజం మీదికి తీసుకుని, పడకుండా చెయ్యెత్తి పట్టుకున్నాడు. ఒక అడుగు, రెండు అడుగులు. మూడో అడుగుకు ముఖం బిగుసుకుంది. ఎడం చెయ్యి మెల్లగా వచ్చి కుడి భుజాన్ని ముందు నుంచి అదిమి పట్టుకుంది. చొక్కా విప్పిన రోజు చూసిన భయమే అది.

ఈరన్న వచ్చినాడా అని అడిగే మనిషి ఆ భుజం మీదే ఉన్నారు. నేను జనంలోంచి దూరి వెళ్లి, అతని మోచేతి కింద ఒక్క వేలు ఆనించాను. జనాజా ఆగలేదు. నా వేలు వణుకుతూనే ఉంది.