ఊ కొట్టే చాచా కథ చెప్పిన రోజు

మా నాటక కంపెనీ మొత్తం కలిపి ముగ్గురం. అక్క, చాచా, నేను. గుడారాన్ని కూడా లెక్కబెడితే నలుగురం. అందరికన్నా బరువైన ఆర్టిస్టు అదే.

అక్క నాకు సొంత అక్క కాదు. హుజూర్‌నగర్ దగ్గర మా ఊరి సర్కారు బడిల నాకు తెలుగు చెప్పిన టీచర్. కంపెనీల చేరినంక కూడా టీచర్ అని పిలిస్తే హోంవర్క్ అడుగుతదేమోనని భయపడి అక్క అనుడు అలవాటు చేసుకున్న. తెలంగాణ వచ్చిన కొత్తల, జాతరలకు ఉర్సులకు పోయి పోయి ఆమెకొక దిగులు పట్టుకున్నదట. ఎక్కడ చూసినా ఇంతింత స్టేజీలు, గుండెలదిరే సౌండు డబ్బాలు, కానీ ఒక మనిషి ఇంకో మనిషికి కుదురుగ కథ చెప్పే జాగా లేదని. అందుకని ముప్పై మంది పట్టే చిన్న గుడారం ఆలోచించింది. మైకు ఉండదు, స్టేజీ ఉండదు. చెప్పే మనిషి పీట మీద, వినేటోళ్లు జంపఖాన మీద. చెయ్యి చాపితే ముందు వరుసోళ్ల ముక్కుకు తగుల్తది. ఒకటి రెండుసార్లు తగిలింది కూడా.

నేను డిగ్రీ అయిపోయి ఉద్యోగాల నోటిఫికేషన్ కోసం చూస్తున్న రోజులవి. అది పడేదాక ఊకెనే ఉండుడెందుకని చేరిన. ఇంకా చేస్తనే ఉన్న.

చాచా చేరిన తీరే వేరు. ఆయన హుజూర్‌నగర్ల టైలర్. గుడారం కుట్టమని అక్క ఆయన దగ్గరికి పోయింది. బడి యూనిఫాం కుట్టంగ మిగిలిన నీలిగళ్ల బట్టతోటి అగ్గువల కుట్టి పెట్టిండు. ఇప్పటికీ మా గుడారంల కూసుంటే సర్పంచైనా, సూదిమందు డాక్టరైనా అయిదో తరగతి పిల్లగాని లెక్క కనబడ్తడు. ఆయన అంచులు కుడుతుంటే అక్క పక్కన కూసోని కొత్త కథ చెప్పుకుంట చూసుకుంటున్నదట. చాచా మిషిన్ తొక్కుకుంటనే, తలెత్తకుంట, ప్రతి మాట చివర "ఊ" అన్నడు. అక్క కథ ఆపి ఆయన దిక్కు చూసింది. నువ్వు మాతో వస్తవా అని అడిగింది. దానికీ ఊ అన్నడు. గట్ల ఒప్పుకున్నడో, అలవాటుగ అన్నడో ఇప్పటికీ తేలలే.

ఊ కొట్టుడు మా ఆటకు ప్రాణం. ఇంటింట అవ్వలు మనుమలకు కథ చెప్పేటప్పుడు ఉండే పద్ధతే. ఊ కొడితే కథ నడుస్తది, ఆగిందంటే వినేటోడు పండుకున్నట్టు, కథ బందు. మా గుడారంల పక్కన కూసోని ఊ కొట్టే మనిషి చాచా. ఆయన ఊతోటే జనం గుర్రుపెట్టకుంట కూసుంటరు. దయ్యం వచ్చేటప్పుడు ఒక ఊ, పెండ్లి కుదిరేటప్పుడు ఒక ఊ. అక్క కథ మరిచిపోతే ఇంకింత లాగి ఊ అంటడు, గా సందుల ఆమెకు యాదికొస్తది.

కంపెనీకి ఒక రివాజు ఉన్నది. ఎవరి ఊరికి పోతే వాళ్లే ఆ పూట కథ చెప్పాలె, అది కూడా సొంత ఊరి ముచ్చటే. ఆత్మకూర్ల అక్క చెప్పింది, ఆమె పుట్టిన ఊరది. చిన్నప్పుడు వాళ్ల బర్రె తప్పిపోయి కృష్ణ ఒడ్డున దొరికిన ముచ్చట జనం కండ్లు పెద్దగ చేసుకోని వింటుంటే, ముందు వరుసల ఉన్న వాళ్లమ్మ లేచి, గా బర్రె మనది కాదే, మీ మేనత్తోళ్లది అన్నది. గా రోజు నుంచి కొత్త రూలు పెట్టినం: గుడారంల ఊ తప్ప ఇంకో మాట మాట్లాడొద్దు, మధ్యల లేవొద్దు. మా ఊర్ల నేను చెప్పిన కథ విన్నంక అందులో వచ్చే మనిషి నాతో మాట్లాడుడు మానేసిండు. రివాజుతోటి లాభం కూడా ఉన్నదని గప్పుడే తెలిసింది.

హుజూర్‌నగర్ వంతు మాత్రం ఏండ్లు గడిచినా రాలే. అక్క అడిగినప్పుడల్లా చాచా దగ్గర ఒక కారణం తయారుగ ఉండేది. బడులు తెరిచే ముందు యూనిఫాంలు, రంజాన్ ముందు కుర్తాలు, ఆ తర్వాత పెండ్లిళ్లు. ఏదీ లేకపోతే మిషిన్ బెల్టు తెగేది.

అసలు కారణం నాకు తెలుసు. నేను వాళ్లింటికి పోయి చాయ తాగిన ప్రతిసారి చూసిన. మా చాచీ మాట్లాడుతది. అంటే, నిద్రలేచింది మొదలు మాట్లాడుతది. ఆమె మాట మంచి మాట, అందులో ఉప్పూ కారం ఉంటది, కాకపోతే ఫుల్‌స్టాప్ ఉండదు. చాచా మిషిన్ తొక్కుకుంట ఊ కొడుతుంటడు, ఆయనకు కథ చెప్పే అలవాటే లేకపాయె. మేం ఆయనను కంపెనీల తీసుకునేనాటికే ఆయనకు ముప్పై ఏండ్ల అనుభవం ఉన్నదని గప్పుడు అర్థమైంది.

దుకాణంల గోడకు వాళ్ల పెండ్లి ఫోటో ఉంటది. మండే ఎండకాలం పెండ్లి. అందులో చాచా షేర్వాణి మీద ఎడమ భుజం నిండ శాలువ కప్పుకోని ఉంటడు. కొత్తగ వచ్చిన గిరాకి ఎవరన్న గా శాలువ ఏంది చాచా అని అడిగితే, ఆయన గొంతు సవరించుకోని "గప్పుడు ఏమైందంటే" అని మొదలుపెట్టేలోపు లోపలి నుంచి చాచీ తానే చెప్పి కథ ఒడగొట్టేది. ఏముంది, బద్ధకం. ఊరందరి బట్టలు కుట్టి సొంత షేర్వాణికి ఒక చెయ్యి కుట్టుడు మరిచిండు, శాలువ కప్పుకోని నిఖాల కూసున్నడు. గిరాకి నవ్వేది. చాచా ఊ అనేటోడు.

ఒకసారి యాదగిరిగుట్టల ఆట ముగించుకోని బస్సుల వస్తున్నం. కిటికీ పక్కన చాచా, ఒళ్లో గుడారం తాళ్లు. ఈ ఎండకాలం మా ఊరి దర్గా ఉర్సుల ఆడదాం, నేనే చెప్తా అన్నడు. ఎండదెబ్బ తగిలిందేమోనని నీళ్ల బాటిల్ ఇచ్చిన. ఆయన తాగలే.

"నవ్వకు బేటా. గా శాలువ ముచ్చట ఆమె ఒక్కసారన్న ఆఖరు దాక వినాలె. ఇంట్ల నాతోని కాదు. గుడారంల అయితే మధ్యల మాట్లాడేది లేదు గదా."

గప్పుడు అర్థమైంది నాకు. ఈ భూమ్మీద చాచీ మాట్లాడకుంట కూసునే జాగా ఒక్కటే ఉన్నది. అది కూడా ఆయనే కుట్టుకున్నడు.

తయారీ మొదలైంది. అక్క ఆయనకు గొంతు ఎక్కడ పెంచాలె, ఎక్కడ దించాలె చెప్పింది. నేను చేతులు తిప్పుడు నేర్పిన. ఎంత నేర్పినా ఆయన చేతులు గాలిల బట్ట కత్తిరించుడు మానలే. చాచా కథ చెప్తే మరి ఊ ఎవరు కొట్టాలె? నేను. అక్క నన్ను పక్కకు పిలిచి, "ఊ తప్ప నీ నోట్ల నుంచి ఇంకోటి రావద్దు. జోకు గిట్ల వేసినవో, గుడారం నువ్వే మోస్తవ్" అన్నది. ఇన్నేండ్ల సంది మోస్తున్నది ఎవరని నేను అడగలే.

ఉర్సు నాడు మధ్యాహ్నం జుహర్ నమాజ్ అయిపోయినంక మొదటి ఆట. దర్గా గోడ పక్కన వేపచెట్టు నీడల గుడారం వేసినం. చాచీ చెల్లెండ్లను, వాడకట్టు ఆడోళ్లను వెంటబెట్టుకోని వచ్చింది. పీటకు ఎదురుంగ, ముక్కుకు చెయ్యి తగిలే జాగల కూసున్నది. అక్క రూలు చెప్పింది. ఊ తప్ప మాట లేదు. చాచీ అక్క దిక్కు చూసిన చూపును నేను ఇంకోసారి చూడదల్చుకోలే. కానీ కొంగు సర్దుకోని మూతి ముడుచుకున్నది.

చాచా పీట మీద కూసున్నడు. ఉతికి గంజి పెట్టిన కుర్తా. ఇంట్ల వాళ్లు ఉర్దూ మాట్లాడుకుంటరు, కానీ గుడారంల అన్ని రకాలోళ్లుంటరు కాబట్టి తెలుగుల ఎత్తుకున్నడు.

ఒక టైలర్ ఉండె అన్నడు. అని, తనే ఊ అన్నడు.

నేనూ ఊ అన్న. నా డ్యూటీ గదా.

గా టైలర్‌కు పెండ్లి కుదిరింది అన్నడు. మళ్ల తనే ఊ. నేనూ ఊ. ఎనక వరుసల ఎవరో కిసుక్కుమన్నరు. కొత్తగ చేసిన పద్ధతి అనుకోని ఇంకొందరు కూడా ఊ అన్నరు. పిల్ల హుజూర్‌నగర్ పక్క ఊరిది అన్నడు చాచా, ఊ అన్నడు, గుడారం మొత్తం ఊ అని గొల్లుమన్నది. గప్పుడు తెలిసింది ఆయనకు తన నోరు ఏం చేస్తున్నదో. ఇన్నేండ్ల అలవాటు, మాట ఆగిన చోటల్లా ఊ అదే వచ్చి కూసుంటున్నది. ఆయన మొఖం గుడారం రంగుకు వచ్చింది. పెదాలు బిగబట్టుకున్నడు. ఊ రాకుంట ఆపుకున్నడు గానీ, దానితోపాటు కథ కూడా ఆగిపోయింది.

నవ్వు సల్లబడ్డది. బయట గాజులమ్మే ఆయన అరుపు వినబడ్తున్నది. నా నాలుక చివర ఒక మంచి జోకు వచ్చి నిలబడ్డది, దాన్ని మింగిన. ఊ అన్న. చాచా కదల్లే. ఇంకోసారి అన్న. ఆయన నా దిక్కు కూడా చూడలే, ఆమె దిక్కు చూస్తున్నడు.

చాచీ చెంపకు చెయ్యి పెట్టుకోని, మెల్లగ, "ఊ" అన్నది.

చాచా ఇంట్ల కొట్టే ఊకు మిషిన్ ఇంకా నడుస్తున్నది అనే అర్థం తప్ప ఇంకోటి ఉండదు. ఈ ఊ గట్ల లేదు. కూసున్నదాన్ని కూసున్నట్టే ఉన్న, నువ్వు చెప్పు అన్నట్టున్నది. నేను నోరు మూసుకున్న. నా ఉద్యోగం పోయింది, కానీ బాధ కాలే.

చాచా చెప్పుడు మొదలుపెట్టిండు. నిఖాకు పిల్ల బట్టలు పిల్లగాని ఇంటి నుంచే పోవాలె గదా. టైలరే పెండ్లికొడుకు కాబట్టి తానే కుట్టిండు, ఎర్రటి కుర్తా. కొలతకని పిల్ల ఇంటోళ్లు ఒక పాత కుర్తా పంపిన్రు. కుట్టి, పెండ్లికి ముందురోజు పొద్దున పంపితే, పగటీలికి, మిట్టమధ్యాహ్నం తిరిగొచ్చింది. చేతులు పొట్టిగైనయి. కొలతకిచ్చిన పాత కుర్తా పిల్లది కాదు, చెల్లెది. గీ మాటకు ముందు వరుసల చాచీ చెల్లెలు తల దించుకున్నది. చాచీ ఊ అన్నది.

ఎర్ర బట్ట ఇంక ముక్క కూడా లేదు. గా రోజు శుక్రవారం, జుమ్మా, బజార్ల దుకాణాలు బందు. పిల్లను పొట్టి చేతుల కుర్తాల కూసోబెడితే వచ్చినోళ్లు ఏమంటరు? టైలర్ మొగుడు దొరికినా బట్టలు సరిగ దొరకలే అనరా? చాచా గాలిల కత్తెర ఆడిచ్చుకుంట చెప్పిండు. గందుకని టైలర్ సొంత షేర్వాణి ఎడమ చెయ్యి విప్పిండు. బిస్కెట్ రంగు బట్ట. దాన్ని రెండు ముక్కలు చేసి పిల్ల కుర్తా చేతులకు అతికి, అతుకు కనబడకుంట పైనుంచి జరీ పట్టీ కుట్టి పంపిండు. తాను శాలువ కప్పుకోని పోయి కూసున్నడు. చెమటలు కారినయి గానీ శాలువ తియ్యలే. ఊరంతా నవ్వింది, నవ్వనిచ్చిండు.

"అంతే," అన్నడు చాచా. మధ్యల ఒక్క ఊ కూడా రాలే ఆయన నోటెంట.

అందరం చాచీ దిక్కే చూస్తున్నం. ఇంత పెద్ద ముచ్చట ఇన్నేండ్లకు బయటపడితే ఏ ఆడమనిషైనా కొంగు కండ్లకు పెట్టుకుంటదని నేను లెక్కేసుకున్న.

"తెలుసు," అన్నది చాచీ. "రంగు కలవలే. మొదటిసారి ఉతకంగనే జరీ పట్టీ లేచింది."

గుడారం పగిలేటట్టు నవ్విన్రు జనం. చాచా మాత్రం నవ్వలే. తెలిసీ మరి బద్ధకం బద్ధకం అని అందరి ముందర ఎందుకు అన్నవని అడిగిండు.

"గట్లంటెనన్న నోరు తెరిచి చెప్తవేమోనని చూసిన. నువ్వు ఊ అంటివి."

రూలు తప్పింది, మాట్లాడింది. అక్క ఆపాలె. అక్క ముక్కు తుడుచుకుంటున్నది, జలుబు అన్నది. మండుటెండల జలుబు టీచర్లకే వస్తదేమో, నాకు తెల్వదు. చాచా గప్పుడు నవ్విండు. పైపండ్లు కిందిపండ్లు అన్నీ కనబడంగ ఆయన నవ్వుడు నేను గదే మొదటిసారి చూసుడు.

ఆట అయిపోయింది. జనం లేచిన్రు. బయట రెండో ఆటకు ముప్పై మంది నిలబడ్డరు. చాచీ కూసున్నచోటు నుంచి కదల్లే. చాచీ, ఇంకోళ్లు రావాలె, జాగా ఖాళీ చెయ్యాలె అన్న. ఆమె నన్ను కింది నుంచి మీది దాక చూసి, నువ్వు బయట నిలబడు, ఒక జాగా మిగుల్తది అన్నది. కంపెనీల ఇన్నేండ్లు పనిచేసినందుకు దక్కిన మర్యాద గది.

నేను బయటికి వస్తుంటే ఆమె చాచాకు చెప్తున్నది. ఈసారి చెయ్యి విప్పేకాడ గంత తొందరపడకు, జర ఆగి చెప్పు, వినేటోళ్లకు కూడా జర చెమట పట్టాలె అని. తన చెల్లెలు ముచ్చట ఎత్తకని కూడా చెప్పింది, పాపం ఇంటికి పోయి ఏడుస్తదట. చాచా బుద్ధిగ తల ఊపుతున్నడు. అక్క తెర దించింది.

గుడారం బట్ట మీద చెయ్యి పెట్టి బయట నిలబడ్డ. లోపల చాచా గొంతు వస్తున్నది, ఈసారి తొందర లేకుండ, మిషిన్ మెల్లగ తొక్కినట్టు. కుర్తా తిరిగొచ్చిన దగ్గరికి వచ్చిండో లేదో, చాచీ గొంతు అందుకున్నది. తిరిగొచ్చింది పగటీలికి కాదు, పొద్దుగూకే యాళ్లకు. చాచా కాదన్నడు. ఆమె అవునన్నది. లోపల జనం రెండు పార్టీలైన్రు. సాయంత్రం అసర్ అజాన్ దగ్గరపడ్డది గానీ, కథ మాత్రం పెండ్లికి ముందురోజు దగ్గరనే ఆగింది.

మూడో ఆటకు వచ్చిన ఒక పెద్దమనిషి నా పక్కన నిలబడి చాలాసేపు విన్నడు. ఎవరి కథ బిడ్డా ఇది అని అడిగిండు. టైలర్‌ది అన్న.

"అయితే లగ్గం అయిందా లేదా?"

"లోపల ఇద్దరు కూసోని గదే తేలుస్తున్నరు" అన్న.